ఆరు చుక్కల మెలికల ముగ్గుకు ఎన్ని రంగులు కావాలి? ముడులకు మాడ్యులో రంగులు వేసి, తగ్గించే పద్ధతి

ధనుర్మాసంలో చెన్నై పెరంబూరులో మా వీధి తెల్లవారక ముందే తడిగా ఉంటుంది. తమిళుల ఇళ్ళ ముందు సిక్కు కోలం, మా గుమ్మం ముందు మెలికల ముగ్గు. పేర్లు రెండు, పని ఒకటే: చుక్కలు పెట్టి, వాటి చుట్టూ తీగ తిప్పడం. మా అత్తయ్య నియమం ఒక్కటే. "తీగ తెగకూడదమ్మా. ఎక్కడ మొదలుపెట్టావో అక్కడికే రావాలి."

గణితంలో ముడి అంటే సరిగ్గా ఇదే. రెండు కొసలూ కలిసిపోయిన తీగ. ఇలాంటి తీగలు రెండో మూడో ఒకదానిలో ఒకటి చిక్కుకుంటే దాన్ని లింకు అంటారు. ముడికి సంఖ్యలతో రంగులు వేసే పద్ధతిని 1950ల్లో ప్రిన్స్‌టన్ గణితవేత్త రాల్ఫ్ ఫాక్స్ విద్యార్థుల కోసం తయారు చేశారు. కూడికలు, శేషాలు వస్తే చాలు, పదో తరగతి పిల్లలు కూడా చేయగలరు. అయితే "అతి తక్కువగా ఎన్ని రంగులు సరిపోతాయి?" అనే ప్రశ్న దగ్గర పెద్ద గణితవేత్తలు కూడా ఏళ్ళ తరబడి ఆగారు. ఆ ప్రశ్నను ఒక ఆరు చుక్కల ముగ్గు మీద మొదటి నుంచి చివరి దాకా చేసి చూపిస్తాను. పెన్సిలు, కాగితం పట్టుకుని చదవండి. చేయకుండా చదివితే ఇది అర్థం కాదు.

ముగ్గు గీయడం

పై వరసలో మూడు చుక్కలు, వాటి కింద మూడు చుక్కలు పెట్టండి. పక్కపక్కన ఉన్న ప్రతి రెండు చుక్కల మధ్యా తీగ తనను తాను ఒకసారి దాటాలి. అడ్డంగా పైన రెండు చోట్ల, కింద రెండు చోట్ల, నిలువుగా మూడు చోట్ల, అంటే మొత్తం ఏడు క్రాసింగ్‌లు. అంచుకు వచ్చినప్పుడు తీగ గుండ్రంగా మలుపు తిరిగి లోపలికి వస్తుంది.

కింది వరసలో ఎడమ చుక్కకు ఎడమ పక్కన మొదలుపెట్టి ఏటవాలుగా పైకి, కుడివైపుకు వెళ్ళండి. సరిగ్గా గీస్తే ఏడు క్రాసింగ్‌లనూ రెండేసి సార్లు దాటి, చెయ్యి ఎత్తకుండా మొదలుపెట్టిన చోటికే వస్తారు.

నేల మీద ముగ్గుకు పైన, కింద అనేది ఉండదు. దాన్ని మనమే నిర్ణయించాలి. మొదటి క్రాసింగ్‌లో తీగ పైనుంచి, రెండో దానిలో కిందనుంచి, మళ్ళీ పైనుంచి, ఇలా చివరి దాకా మార్చి మార్చి వెళ్ళనివ్వండి. కిందనుంచి వెళ్ళే చోట తీగను కొంచెం తెంపి గీస్తే బొమ్మ స్పష్టంగా ఉంటుంది. అలా తెగిన చోటు నుంచి తర్వాత తెగే చోటు దాకా ఉన్నది ఒక ముక్క. ఈ ముగ్గులో ఏడు ముక్కలు వస్తాయి. నడిచిన వరసలోనే వాటికి క, గ, చ, జ, ట, డ, త అని పేర్లు పెట్టండి. ఎడమ నిలువు క్రాసింగ్ మీదుగా పోయే మొదటి ముక్క క.

సూత్రం ఒక్కటే

ప్రతి ముక్కకూ ఒక సంఖ్య ఇవ్వాలి. అదే దాని రంగు. ప్రతి క్రాసింగ్ దగ్గరా ఈ మాట నిజం కావాలి: పై తీగ రంగుకు రెట్టింపు, కిందనుంచి వెళ్ళే రెండు ముక్కల మొత్తానికి సమానం. సమానం అంటే ఒక సంఖ్యతో భాగిస్తే వచ్చే శేషాలు సమానం అని. ఆ భాగించే సంఖ్యే మాడ్యులస్. గడియారం ముల్లు పన్నెండు దాటాక మళ్ళీ ఒకటికి వచ్చినట్టు, మాడ్యులో 5లో 4 తర్వాత 0 వస్తుంది. అన్ని ముక్కలకూ ఒకే రంగు వేస్తే సూత్రం ఎలాగూ నిజమే కాబట్టి దాన్ని లెక్కలోకి తీసుకోము. కనీసం రెండు రంగులు ఉండాలి.

మన ముగ్గుకు ఏడు క్రాసింగ్‌లు ఉన్నాయి కాబట్టి ఏడు సమీకరణాలు:

క + గ = 2జ
గ + చ = 2డ
చ + జ = 2త
జ + ట = 2క
ట + డ = 2చ
డ + త = 2గ
త + క = 2ట

మాడ్యులస్ దానంతట అదే బయటికి వస్తుంది

ఇక్కడ చాలామంది పెద్ద నిర్ధారకం (డిటర్మినెంట్) వేసి కష్టపడతారు. అంత అవసరం లేదు. క = 0, జ = 1 అని పెట్టుకోండి. మొదటి సమీకరణం నుంచి గ = 2. నాలుగో దాని నుంచి ట = −1. ఏడో దాని నుంచి త = −2. మూడో దాని నుంచి చ = −5. ఐదో దాని నుంచి డ = −9. రెండు సమీకరణాలు మిగిలాయి. డ + త = 2గ అంటే −11 = 4 కావాలి. గ + చ = 2డ అంటే −3 = −18 కావాలి. రెండు చోట్లా తేడా 15. మామూలు సంఖ్యలలో ఇది కుదరదు. 15ను సున్నాగా చూసే లెక్కలో మాత్రమే కుదురుతుంది. ఈ 15నే ఈ ముడి నిర్ధారకం అంటారు.

పైకీ కిందికీ మార్చి మార్చి వెళ్ళే ముగ్గులలో ఈ సంఖ్యను చుక్కల నుంచే లెక్కపెట్టవచ్చు. ఇది నాకు ఎంతో ఇష్టమైన విషయం. పక్కపక్క చుక్కలను గీతలతో కలపండి. ఏడు గీతలు, రెండు గళ్ళు వస్తాయి. చుక్కలన్నీ కలిసే ఉండాలి, కానీ ఎక్కడా గడి మూసుకోకూడదు. అలా ఎన్ని రకాలుగా గీతలు మిగల్చవచ్చో ఆ లెక్కే నిర్ధారకం. రెండు గీతలు తీసేయాలి. ఎడమ గడి బయటి మూడింటిలో ఒకటి, కుడి గడి బయటి మూడింటిలో ఒకటి తీస్తే 9 రకాలు. నడిమి గీత తీసేస్తే రెండోది ఎడమ నుంచి 3 రకాలు, కుడి నుంచి 3 రకాలు. మొత్తం 15. ఒకటి, మూడు, ఒకటి వరసలో పెట్టే ఐదు చుక్కల ముగ్గులో గడే లేదు కాబట్టి లెక్క 1 వస్తుంది. నాలుగు క్రాసింగ్‌లు ఉన్నా అది నిజానికి ముడి కాదు. తాడుతో చేసి లాగితే విడిపోతుంది.

మాడ్యులో 15, మాడ్యులో 3

మాడ్యులో 15లో మన ముక్కల రంగులు వరసగా 0, 2, 10, 1, 14, 6, 13. ఏడు ముక్కలకు ఏడు రంగులు. కానీ 15 = 3 × 5. కాబట్టి మాడ్యులో 3లో శేషాలు తీయండి: 0, 2, 1, 1, 2, 0, 1. ఏడు సమీకరణాలూ సరిచూడండి, అన్నీ నిలుస్తాయి. మూడు రంగులే. వీటిని 5తో గుణిస్తే 0, 5, 10 వస్తాయి. అవి మాడ్యులో 15లో కూడా చెల్లుతాయి. అంటే మాడ్యులో 15లో కూడా మూడు రంగులు చాలు.

ఈ కిటుకు ఎప్పుడూ పనిచేస్తుంది. మాడ్యులస్, నిర్ధారకం రెండింటికీ ఉన్న ఉమ్మడి ప్రధాన కారణాంకాల్లో అతి చిన్నది ఏదో చూడండి. కనీస రంగుల సంఖ్యను నిర్ణయించేది అదే. ఉమ్మడి కారణాంకం ఏదీ లేకపోతే ఆ మాడ్యులోలో రంగులు వేయడమే కుదరదు. కాబట్టి ఇక నుంచి ప్రధాన సంఖ్యల గురించే ఆలోచిస్తే సరిపోతుంది.

మాడ్యులో 5: అసలు పని ఇక్కడ మొదలవుతుంది

మాడ్యులో 5లో శేషాలు తీస్తే: క 0, గ 2, చ 0, జ 1, ట 4, డ 1, త 3. మైలాపూర్ మాడవీధుల దగ్గర తెచ్చుకున్న రంగుపొడులతో మేము ఇలా వేశాం: 0 తెలుపు, 1 పసుపు, 2 ఎరుపు, 3 నీలం, 4 ఆకుపచ్చ. ఐదు రంగులూ వాడుకున్నాం. తగ్గించగలమా?

ముందు ఎంతకంటే తగ్గదో తెలుసుకోవాలి. రంగులన్నిటికీ ఒకే సంఖ్య కలిపినా, సున్నా కాని ఒకే సంఖ్యతో గుణించినా సూత్రం చెడదు. కాబట్టి రంగులు మారే ఏదో ఒక క్రాసింగ్‌లో పై తీగ 1, కింద 0, 2 అని సర్దుకోవచ్చు. ఇక 0, 1, 2 అనే మూడు రంగులే ఉన్నాయనుకోండి. 0 పై తీగగా ఉండి కింద రంగు మారాలంటే 1 + 2 = 0 కావాలి. 2 పై తీగగా ఉండాలంటే 0 + 1 = 4 కావాలి. రెండూ మాడ్యులో 3లో తప్ప ఏ ప్రధాన సంఖ్యతోనూ కుదరవు. అప్పుడు 1 రంగు తీగ కిందికి వెళ్ళినా దాని రంగు మారదు. అది చివరి దాకా 1గానే ఉండిపోతుంది. ముడిలో ఒకే తీగ ఉంది కాబట్టి మొత్తం ఒకే రంగు అయిపోవాలి, అది కుదరదు. అందుకని 3 కంటే పెద్ద ప్రధాన సంఖ్య ఏదైనా, ముడికి కనీసం నాలుగు రంగులు కావాలి.

కొన్ని ముడులకు నాలుగు సులభంగా వస్తాయి. ఎనిమిది అంకెలా ఉండే నాలుగు క్రాసింగ్‌ల ముడిలో ముక్కలే నాలుగు. 0, 2, 3, 1 అని వేస్తే మాడ్యులో 5లో అయిపోయింది. కానీ నక్షత్రంలా ఉండే ఐదు క్రాసింగ్‌ల ముడికి ఐదు ముక్కలు, ఐదు రంగులు. మార్చి మార్చి వెళ్ళే బొమ్మలో అనవసరమైన మెలిక ఏదీ లేకుండా, నిర్ధారకం ప్రధాన సంఖ్య అయితే, ప్రతి ముక్కకూ వేరే రంగే వస్తుందని హరారీ, కౌఫ్‌మన్ 1999లో ఊహించారు. మాట్‌మన్, సోలిస్ దాన్ని 2009లో నిరూపించారు.

పొందికగా, తక్కువ మెలికలతో గీసిన బొమ్మే రంగులు ఎక్కువగా అడుగుతుందన్న మాట. రంగులు తగ్గాలంటే బొమ్మను చిక్కు చేయాలి. ఈ విషయం మనసుకు పట్టడానికి నాకు చాలా రోజులు పట్టింది.

ఆకుపచ్చను తీసేయడం

ముగ్గు పొడిని జరపలేం. కాబట్టి ఇక్కడి నుంచి తాడు కావాలి. నేను ప్యారిస్ కార్నర్‌లో మెత్తని నైలాన్ తాడు నాలుగు గజాలు కొని, రంగు టేపు ముక్కలు అంటించాను. తాడును తెంపకుండా జరపడానికి మూడే మూడు రకాల కదలికలు సరిపోతాయని గణితం చెబుతుంది. వాటిని రైడమైస్టర్ కదలికలు అంటారు. మనకు కావలసింది వాటితో అయ్యే ఒకే పని: ఒక తీగను వేలులా చాచి, వేరే క్రాసింగ్ మీదుగా పరచడం. వేలి రంగు వ అనుకుంటే, దాని కింద పడ్డ ప్రతి తీగ రంగూ 2వ లోంచి దాని పాత రంగు తీసేస్తే వచ్చేది అవుతుంది. వేలు దాటి బయటికి వచ్చాక పాత రంగు తిరిగి వస్తుంది.

క్రాసింగ్‌ను కింద ముక్క | పై తీగ | కింద ముక్క అని రాస్తాను.

ఆకుపచ్చ ఒక్క ట ముక్కలోనే ఉంది. దాని ప్రయాణం ఇది: 1|0|4 దగ్గర క కిందనుంచి పుడుతుంది. 3|4|0 దగ్గర తనే పై తీగ అవుతుంది. 4|0|1 దగ్గర చ కిందికి వెళ్ళి ముగుస్తుంది.

మొదటి అడుగు, ఆకుపచ్చ ఎక్కడా పై తీగగా ఉండకుండా చేయడం. ట ను దాటుతున్న చోట క ను పట్టుకుని, ట వెంబడే వేలులా చాచి, 3|4|0 క్రాసింగ్‌ను పూర్తిగా కప్పేయండి. వేలి రంగు 0 కాబట్టి కింద 4 కాస్తా 1 అవుతుంది, 3 కాస్తా 2 అవుతుంది, 0 అలాగే ఉంటుంది. లోపలి క్రాసింగ్ ఇప్పుడు 2|1|0. వేలి రెండు పక్కల 3|0|2, 0|0|0. ఆకుపచ్చ ఇప్పుడు వేలి కొస నుంచి చ దాకా ఉన్న చిన్న తునక మాత్రమే: 1|0|4|0|1.

ఇక్కడే నేను రెండు సాయంత్రాలు ఇరుక్కుపోయాను. మామూలుగా అయితే రెండో పై తీగను మొదటి దాని మీదికి లాగి వరస మార్చేస్తే మధ్య రంగు పోతుంది. కానీ ఇక్కడ రెండు పై తీగలూ తెలుపే. వరస మార్చినా 1 మళ్ళీ 0 కిందికి వెళ్ళి 4 అవుతోంది. ఆకుపచ్చ తిరిగి పుడుతోంది. ఆ టెన్షన్‌లో నేను ఎర్ర ముక్క గ మీద ప్రయత్నించాను. అక్కడా రెండు వైపులా ఒకే పసుపు. నీలం ముక్క త దగ్గర వేలు చాచితే లోపల నీలమే మళ్ళీ వస్తోంది.

దారి చూపించేది మూడో రంగు. వేలి కొస దగ్గరి 1|0|4 క్రాసింగ్ మీద వ రంగు తీగను పరిచామనుకోండి. ఆ తర్వాత వరస మారిస్తే కొత్తగా పుట్టే రంగులు 2వ − 1, 2వ, 2వ − 4, 4 − 2వ, −వ. వీటిలో 4 రాకూడదు. వ = 1 అయితే చివరిది 4 అవుతుంది. వ = 2 అయితే రెండోది 4 అవుతుంది. వ = 3 అయితే 0, 1, 2, 3, 2. అన్నీ మంచివే. కావలసింది నీలం.

అదృష్టవశాత్తూ నీలం పక్కనే ఉంది. త తీగ మొదటి వేలి కిందికి దూరేది ఆ కొసకు ఆనుకున్న ఖాళీలోంచే. కాబట్టి మధ్యలో ఇంకే తీగనూ దాటనవసరం లేదు. రెండో అడుగుగా త నుంచి వేలు చాచి 1|0|4 ను కప్పండి. లోపల అది 0|1|2 అవుతుంది. అంచుల్లో 1|3|0, రెండు చోట్ల 0|3|1, బయటికి వచ్చే చోట 2|3|4. ఇప్పుడు ఆకుపచ్చ దారి 2|3|4|0|1.

మూడో అడుగు, వరస మార్చడం. చ (రంగు 0) నుంచి వేలు చాచి, ఆకుపచ్చ తునక వెంబడే వెనక్కి వెళ్ళి 2|3|4 క్రాసింగ్‌ను దాటించండి. ఇప్పుడు తీగ 2గా వచ్చి ముందు 0 కిందికి వెళ్ళి 3 అవుతుంది. తర్వాత 0 వేలి కింద 2గా మారిపోయిన నీలం తీగను దాటి 1 అవుతుంది: 2|0|3, ఆపై 3|2|1. వేలి రెండు పక్కలా 3|0|2. ఆకుపచ్చకు చోటే లేదు.

అన్ని క్రాసింగ్‌లూ ఒకసారి రాసుకుని సరిచూసుకోండి. ఏడు క్రాసింగ్‌ల ముగ్గు మొదటి అడుగుకు తొమ్మిది, రెండో అడుగుకు పదమూడు, మూడో అడుగుకు పదిహేను అయింది. రంగులు మాత్రం ఐదు నుంచి నాలుగుకు దిగాయి. ఇంతకంటే తగ్గవని పైనే చూశాం. మాడ్యులో 5 పని పూర్తయింది. తాడును అత్తయ్యకు చూపిస్తే వేలు పెట్టి తీగ మొత్తం తడిమి, "తెగలేదు, మంచిదే" అన్నారు.

మిగతా ప్రధాన సంఖ్యలు

మాడ్యులో 5లో రంగులు వేయగలిగే ఏ ముడికైనా నాలుగు చాలని షిన్ సాతో 2009లో చూపించారు. మాడ్యులో 7లో కూడా నాలుగు చాలని కనాకో ఓషిరో 2010లో చూపించారు. తర్వాత 11కూ 13కూ ఐదు అని తేలింది. ఆశ్చర్యం ఏమిటంటే ముడి ఎంత పెద్దదైనా ఈ సంఖ్యలు మారవు. కనీసం ఎన్ని కావాలో చెప్పే సూత్రాన్ని నకమురా, నకనిషి, సాతో కనుగొన్నారు. మీ ప్రధాన సంఖ్యను మించకుండా 2ను ఎన్నో ఘాతం దాకా తీసుకెళ్ళగలరో చూసి, ఆ ఘాతానికి 2 కలపండి. 11కు 8 దాకా వెళ్ళగలం, అది మూడో ఘాతం, కాబట్టి ఐదు. 17కూ 19కూ 16 దాకా, నాలుగో ఘాతం, కాబట్టి ఆరుకు తగ్గవు.

రెండు తీగలు ఉంటే

నాలుగు చుక్కల చదరపు ముగ్గు వేసి చూడండి. తీగ ఒకటి కాదు, రెండు వస్తాయి. అది లింకు. గడి ఒకటే, దాని నాలుగు గీతల్లో ఏదో ఒకటి తీసేయాలి, కాబట్టి నిర్ధారకం 4. మాడ్యులో 2లో రెట్టింపు ఎప్పుడూ 0 కాబట్టి కిందికి వెళ్ళిన తీగ రంగు మారదు. ఒక తీగ తెలుపు, ఇంకో తీగ పసుపు, రెండు రంగులతో సరి. మాడ్యులో 4లో 0, 2 వేసినా అంతే. సరి సంఖ్యల మాడ్యులో లింకులకు ఇంతకంటే లోతు లేదు.

నిర్ధారకం 0 వచ్చే లింకులు వేరే రకం. వాటికి శేషాలే అక్కరలేదు, మామూలు పూర్ణ సంఖ్యలతోనే రంగులు వేయవచ్చు. తీగలు విడివిడిగా లాగేయగలిగేవైతే రెండు రంగులు చాలు. విడదీయలేనివైతే కనీసం నాలుగు కావాలి, నాలుగు చాలు కూడా.

తర్వాత వేయవలసిన ముగ్గు

రెండు వరసల్లో నాలుగేసి చుక్కలు పెడితే మళ్ళీ రెండు తీగలు అవుతాయి. ఐదేసి పెట్టండి. పది చుక్కలు, పదమూడు క్రాసింగ్‌లు, ఒకే తీగ. గళ్ళ లెక్క వేస్తే నిర్ధారకం 209 వస్తుంది, అంటే 11 × 19. మాడ్యులో 11లో ఐదు రంగులకు దిగాలి. ఒక్కో రంగునూ తీసేటప్పుడు ఈ వరస పాటించండి: ముందు ఆ రంగు ఎక్కడెక్కడ పై తీగగా ఉందో అక్కడ వేలితో కప్పాలి. తర్వాత మిగిలిన తునకల రెండు పక్కలా పై తీగల రంగులు రాసుకోవాలి. అవి రెండూ ఒకటే అయితే వరస మార్చడానికి తొందరపడకండి. వ కు అన్ని విలువలూ వేసి చూసి, ఏ రంగు తీగను తేవాలో తెలుసుకున్నాకే తాడు ముట్టుకోండి. తెచ్చే దారిలో ఏ తీగలను దాటుతారో వాటి కొత్త రంగులు కూడా లెక్కవేయాలి. ఒకసారి తీసేసిన రంగు తిరిగి వచ్చేది ఎక్కువగా అక్కడి నుంచే.